ఏడాది పొడుగునా వంజరం చేపనే కోరే అలవాటు గారికి

మహారాజశ్రీ అలవాటు గారి దివ్యసముఖానికి,

తిరుపతిలో ఒక షట్టరు గదిలో చేపలు అమ్ముకునే ఇంటి కోడలు నమస్కరించి వ్రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. మీ కుశలం గురించి మాకు ఏనాడూ దిగులు లేదు. డీజిలు ధర పెరిగినా, వాయుగుండం పట్టినా, వలలో చేప తగ్గినా మీ ఆరోగ్యానికి ఇంతవరకు ఏ లోటూ రాలేదు. మా కుశలం మీరు ఎన్నడూ అడగలేదు కాబట్టి అడగకుండానే చెబుతున్నాను.

మాది వాకాడు మండలంలో ఒక తీర గ్రామం. మా మామగారూ, మరిదీ ఫైబరు పడవ మీద వేటకు వెళ్తారు. వాళ్ళు ఒడ్డుకు తెచ్చిన చేపను మా ఆయన మంచు పెట్టెల్లో సర్ది తెల్లవారేలోగా తిరుపతికి చేరుస్తారు. ఇక్కడ కోసి, కడిగి, తూచి ఇచ్చేది నేను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు, అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న తీర మండలాలు కొన్ని తిరుపతి జిల్లాలో కలిశాయి. చిత్తూరు జిల్లాలో ఉన్నన్నాళ్ళూ కొండలే తప్ప కెరటం ఎరుగని ఈ ఊరికి అలా ఒక్క ఉత్తర్వుతో సముద్రం వచ్చింది. సముద్రమైతే వచ్చింది గాని, దాని పంచాంగం మాత్రం రాలేదు. ఆ ఖాళీలో మీరు కొలువుదీరి ఉన్నారు.

నేరుగా అమ్ముకోవాలని మేము అనుకోవడానికి కారణం దళారీ. వలకూ ఇంజనుకూ అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారికే సరుకు వేయాలి, అతడు చెప్పిందే ధర, అతడు వేసిందే తూకం. ఆ బాకీ తీర్చుకోవడానికి మా అత్తగారి మెడలోని గొలుసు బ్యాంకుకు వెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు. ఇకపై మాకూ, తినేవారికీ మధ్య ఎవరూ ఉండరని సంబరపడి బోర్డు కట్టుకున్న రోజునే మీరు దర్శనమిచ్చారు. దళారీ ధరను మాత్రమే నిర్ణయించేవాడు. తమరు ఏ వారం ఏ చేప పడాలో కూడా నిర్ణయిస్తారు.

మీ అభిరుచిని నేను తక్కువ చేయడం లేదు. వంజరం గొప్ప చేప. మీటరు దాటి పెరుగుతుంది, అడ్డంగా కోస్తే గుండ్రటి ముక్క వస్తుంది, నడుమ ఉన్న ఒక్క ముల్లు తీసేస్తే పిల్లవాడికి భయం లేకుండా పెట్టవచ్చు, కారం పట్టించి పెనం మీద వేస్తే విరిగిపోదు. ఇన్ని సుగుణాలు ఉన్నందుకే అది మీ కంట పడింది, పాపం.

మీ పరిపాలన నడిచే తీరు ఒకసారి మనవి చేసుకోనివ్వండి. పొద్దున ఏడింటికి ఫోను మోగుతుంది.

“అక్కా, వంజరం ఉండాదా?”

“ఈ రోజు కానాగంతలు వచ్చినాయి సార్, కవళ్ళు వచ్చినాయి, కొంచెం పార ఉంది. రాత్రి వేటవే, మొప్పలు ఇంకా ఎర్రగా ఉండాయి, చూసి తీసుకోండి.”

“అబ్బే, కవళ్ళెవరు తింటారక్కా, అంతా ముళ్ళు. వంజరం వచ్చినప్పుడు ఫోన్ చెయ్యి.”

ఆ సారు మంచి మనిషే. ఆయన గొంతులో మాట్లాడింది తమరని నాకు తెలుసు. కంటి గుడ్డు ఉబ్బెత్తుగా, నిగనిగలాడుతూ ఉన్న కానాగంత పెట్టెలో ఎదురుచూస్తుండగా, ఎప్పుడు పట్టారో, ఎక్కడ పట్టారో, ఎన్నిసార్లు కరిగి ఎన్నిసార్లు గడ్డకట్టిందో తెలియని వంజరం ముక్కను వేరొక చోట రెట్టింపు ధరకు కొనిపించగల శక్తి మీకు గాక ఇంకెవరికి ఉంటుంది? చేపను గడ్డకట్టించి దాచడం నేరమని నేను అనను. చక్కగా చేస్తే అదీ మంచి చేపే. గడ్డకట్టినదాన్ని కరిగించి, మంచు చల్లి, నిన్న రాత్రిదని చెప్పి అమ్మడం వేరు. అలాంటి ముక్క పెనం మీద వేగడానికి ముందు నీళ్ళు వదులుతుంది. వంట చేసేవాళ్ళు ఆ నీళ్ళు చూస్తారు, ఉప్పు ఎక్కువైందేమోనని తమను తాము అనుమానించుకుంటారు. మీ మీద ఎవరికీ అనుమానం రాదు.

ఇక మీరు కొలువున్న ఊరి సంగతి. నియమానికి తిరుపతి పెట్టింది పేరు. శనివారం నాడు మా షట్టరు ముందు ఈగ కూడా వాలదు. అది మా శుభ్రతకు కితాబని చెప్పుకొని సంతోషిస్తాం. తమిళుల పెరటాసి మాసం వచ్చిందంటే నెలంతా సగం ఇళ్ళలో చేప ముట్టరు. ఆ వెనకే కార్తికం, కార్తికంతో పాటు అయ్యప్ప మాలలు. కొండ మీద మాంసానికీ మద్యానికీ చోటు లేదన్న సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. ఇందులో దేన్నీ నేను తప్పు పట్టను, మా ఇంట్లోనూ శనివారం పొయ్యి మీదికి చేప ఎక్కదు. మనిషి పాటించే నియమాల్లో ఇంత ఆరితేరిన ఊరికి సముద్రం పాటించే ఒకే ఒక్క నియమం మాత్రం ఎందుకు కొరుకుడు పడదో నాకు బోధపడదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవలకూ మోటారు పడవలకూ వేట నిషేధం. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ ఏర్పాటు. తెడ్డు వేసుకునే తెప్పలకు మినహాయింపు ఉంది, మోటారు బిగించిన మా పడవకు లేదు. ఆ రెండు నెలలు మా మామగారు వలలు బాగుచేసుకుంటూ, మరిది ఇంజను విప్పి బిగించుకుంటూ ఒడ్డున ఉంటారు. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలు అయింది. అది రెండు నెలలకు సరిపోతుందా అని మీరు అడగరు, నేనూ చెప్పను. విచిత్రమేమిటంటే చిత్తూరు తోటల్లో మామిడికాయ పుల్లగా చేతికందే రోజులూ ఇవే. పులుసులో మామిడి ముక్క పడవలసిన సమయానికి పడవ ఇసుకలో ఉంటుంది. ఈ ఒక్క విషయంలో మీ బాధ నాకు నిజంగానే అర్థమవుతుంది. అందుకే ఎండు నెత్తళ్ళు పొట్లాలు కట్టి పెట్టుకుంటాం. వేడి నీళ్ళలో కడిగి, వంకాయ, మామిడికాయ వేసి వండితే పులుసుకు ఏ లోటూ ఉండదు. మీరు ముక్కు మూసుకుంటారు. “అపార్ట్‌మెంటులో వాసన వస్తుందమ్మా” అంటారు.

పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. కాబట్టి జూన్ 1 నుంచి 14 దాకా, కేంద్రం ప్రకటించిన నిషేధం రెండు తీరాలకూ ఒకేసారి వర్తిస్తుంది. సరిగ్గా ఆ 14 రోజుల్లోనే ఊళ్ళో ‘తాజా సముద్రపు వంజరం’ అన్న బోర్డులు ఎండకు తళతళలాడుతూ ఉంటాయి. ఆ తాజాదనం చేపదా, బోర్డుకు వేసిన రంగుదా అని అడగడం మర్యాద కాదు గనుక ఎవరూ అడగరు. ఆ రోజుల్లో మేము మాత్రం షట్టరు మీద ‘వేట నిషేధం, చేప లేదు’ అని రాసి పెడతాం. అది చదివినవారు మా దగ్గర సరుకు మంచిది ఉండదని అనుకొని పక్క వీధికి వెళ్తారు. నిజం రాసినందుకు మీ న్యాయస్థానంలో మాకు పడే శిక్ష అది.

నిషేధం లేని రోజుల్లోనైనా ప్రతి పొద్దూ పడవ కదలదు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు సముద్రంలోకి వెళ్ళవద్దని ముందే చాటింపు వస్తుంది. తిరుపతిలో మిద్దెలెక్కి ఆ నిప్పుచుక్కను చూసి చప్పట్లు కొట్టిన చేతులే కిందికి దిగాక ఫోను తీసుకొని, “ఈ రోజు వంజరం రాలేదేమి?” అని అడుగుతాయి. కార్తిక మాసపు వాయుగుండాల వేళ మీ బెడద కాస్త తగ్గుతుంది. అది దేవుడి చలవ, మీ దయ కాదు.

మీ పాలనలో సముద్రానికి జరుగుతున్న మేలు కూడా చెప్పాలి. మా వల కన్ను పెద్దది. పిల్ల చేప అందులోంచి జారి వెళ్ళిపోతుంది, పెరిగాక మళ్ళీ ఎదురుపడుతుందని మా మామగారి లెక్క. అడుగంటా ఈడ్చే ట్రాలు వలకు అలాంటి లెక్కలు లేవు. వంజరం లేదంటే ఒప్పుకోని మిమ్మల్ని తృప్తిపరచడానికి మూరెడు కూడా లేని వంజరం పిల్లలు బజారుకు వస్తాయి. వాటిని చూసి మీరు, “చిన్నవైతే లేతగా ఉంటాయి” అని సిద్ధాంతం కూడా చెబుతారు. ఒక్కసారైనా గుడ్డు పెట్టకముందే పెనమెక్కిన చేప లేతగా ఉండక ఎలా ఉంటుంది? కేరళలో ఇంతకంటే చిన్నవి పట్టకూడదని కొలతలు పెట్టారు, కవళ్ళకు 10 సెంటీమీటర్లు, కానాగంతలకు 14. అక్కడ కవళ్ళకు కూడా కొలత ఉందంటే, కవళ్ళను కూడా మనుషులు తింటారన్నమాట. ఈ వార్త మీకు దిగ్భ్రాంతి కలిగించి ఉంటుంది.

ఇక్కడ మీరు వద్దన్న కవళ్ళు ఏమవుతాయో తెలుసా? ధర రాని చిన్న చేప ఎండబెట్టే దిబ్బల మీదికో, చేప పిండి చేసే కర్మాగారానికో పోతుంది. ఆ పిండి చెరువుల్లో రొయ్యలకు మేత అవుతుంది. ఆ రొయ్యలను మీ బంధువైన ఇంకో అలవాటు వేపుడు చేయించుకొని తింటుంది. ముల్లు తీసుకునే ఓపిక లేక మీరు ఆ చేపను ఇంత దూరం తిప్పి రప్పించుకుంటున్నారు.

ఇంత చెప్పాక కూడా మిమ్మల్ని ఊరు వదిలి పొమ్మనే ధైర్యం నాకు లేదు. మీరు లేకపోతే వంజరం పడిన రోజున పెట్రోలు డబ్బులు కూడా రావు, ఆ మాట దాచడం ఎందుకు? కనుక కొన్ని షరతుల మీద రాజీకి వస్తున్నాను. ఇకనుంచి ఏ చేపో ముందుగా చెప్పం, బరువు మాత్రమే రాసుకుంటాం. రెండు కిలోలంటే ఆ రోజు వలలో ఏది పడితే అది రెండు కిలోలు. కోసి, ముళ్ళు ఎటు నుంచి తీయాలో చూపించి, పులుసుకో వేపుడుకో చెప్పి మరీ ఇస్తాను. వంజరం పడితే వరుసలో ముందున్న వారికి అందుతుంది, లేకపోతే లేదు. తల, పేగులు తీశాక బరువెందుకు తగ్గిందన్న ప్రశ్నకు మా ఇంట్లో ఎవరూ జవాబు చెప్పరు, ఆ ప్రశ్న చేపనే అడగాలి.

ఇప్పటికి ఇంతే. ఆదివారం కానాగంతలు ఉంటాయి.

ఇట్లు,
మీ ఆజ్ఞలకు విసిగిన
ఒక పడవ ఇంటి కోడలు

తా.క.: జూన్ 15 పొద్దున ఐదింటికి దయచేసి ఫోను చేయకండి. నిషేధం ముగిసేది 14 అర్ధరాత్రికి. పడవ కదలాలి, వల వేయాలి, తీయాలి, ఒడ్డుకు రావాలి, అక్కడి నుంచి నాయుడుపేట, శ్రీకాళహస్తి దాటి తిరుపతికి చేరాలి. ఐదింటికే తాజా వంజరం ఉందని ఎవరైనా అంటే వారి పడవ పేరు అడిగి నాకూ చెప్పండి, మా మరిదిని అందులో పనికి పెట్టిస్తాను.