రెండో సంపుటం గారికి

మహారాజశ్రీ రెండో సంపుటం గారి దివ్య సముఖానికి, విక్టోరియన్ నవల మీద పిహెచ్‌డి అనే పాపం చేస్తున్న ఓ రీసెర్చ్ స్కాలర్ నమస్కరించి రాయునది ఏమనగా,

తమరు ఎక్కడో క్షేమంగానే ఉండి ఉంటారు. ఆ ఎక్కడో ఏదో చెబితే బాగుండేది. ఈ మధ్యాహ్నమంతా కూర్చుని, మూడు సంపుటాల ఓ పాత ఇంగ్లీషు నవలకి ‘వాల్యూమ్ టూ’ అని రాసి ఉన్న ఫైలు దించుకుని తెరిస్తే, లోపల మళ్లీ మొదటి సంపుటమే! అదే లైబ్రరీ ముద్ర. పదకొండో పేజీ మీద స్కాన్ చేసినవాళ్ల గులాబీ రంగు తొడుగు వేలు, దాని కింద సమాధి అయిన అవే రెండు లైన్లు. ఆ వేలిని ఇప్పుడు ఎక్కడ చూసినా గుర్తుపడతాను.

మూడో సంపుటం కూడా ఉంది. తమరే లేరు.

తమరి వంశచరిత్ర మాకు తెలియనిదా? 1821లో వాల్టర్ స్కాట్ నవల ‘కెనిల్‌వర్త్’తో మూడు సంపుటాల నవల ధర 31 షిల్లింగుల 6 పెన్నీల దగ్గర ఆగింది. 1890ల దాకా అక్కణ్ణుంచి కదల్లేదు. అంత పోసి కొనేదెవరు? లండన్‌లో మ్యూడీ గారి అద్దె లైబ్రరీలో ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు కడితే ఒకసారికి ఒక సంపుటం ఇంటికి తెచ్చుకోవచ్చు. ఒకే నవలని ఒకే రోజున ముగ్గురికి తిప్పొచ్చు కాబట్టి ఆయనకి మూడు సంపుటాలే ముద్దు. కథ ఉన్నా లేకపోయినా పేజీలు నింపాల్సిన ఖర్మ రచయితది. గిస్సింగ్ నవల ‘న్యూ గ్రబ్ స్ట్రీట్’ (1891)లో రియర్డన్ అనే రచయిత ఈ మూడూ నింపలేక నానా చావూ చస్తాడు. ఒకప్పుడు అతన్ని చూస్తే జాలేసేది. ఇప్పుడు వేయడం లేదు, తన రెండో సంపుటం ఏ బల్ల మీదుందో అతనికి తెలుసు కదా.

“మధ్య సంపుటంలో ఏమీ జరగదు, అంతా సాగతీతే, వదిలేయ్” అన్నారు మా గైడ్ గారు. ఏమీ జరగదా? మొదటి సంపుటం చివర హీరోయిన్ చర్చి కుర్ర పాస్టరుని ఛీ పొమ్మంది. మూడో సంపుటం మొదట్లో నల్ల క్రేప్ గౌను, ఒళ్లో చంటిపిల్లాడు! చావు దుఃఖానికి కట్టే ఆ నల్ల క్రేప్ అప్పట్లో తండ్రి పోయినా కట్టేవారు, సరే. తల మీద వితంతువుల తెల్ల టోపీ కూడా ఉంది, కాబట్టి పోయింది మొగుడే. ఇంత పరిశోధన చేశానండీ, టోపీ పట్టుకుని. పెళ్లి, పురుడు, చావు, మూడూ తమరి దగ్గరే జరిగిపోయాయి, నన్ను పిలవకుండా.

ఆనాటి వారపత్రికలో ఒక సమీక్ష దొరికింది. ఆ అరకాలమ్ చూపించడానికి సైటు డాలర్లు గుంజింది. పేరైనా పెట్టుకోని ఆ సమీక్షకుడు, కథ చెప్పి పాఠకుల సరదా పాడుచెయ్యనన్నాడు. వాడి మర్యాద తగలెయ్య.

లండన్‌లోనే ఉన్నావు, నాకు తెలుసు. అచ్చయిన ప్రతి పుస్తకం బ్రిటిష్ మ్యూజియానికి చేరాలని 1842 చట్టం. ఆర్నెల్లకోసారి పడే ఫెలోషిప్పుతో వీసా కట్టుకుని అక్కడికి రావాలేం నేను? నిన్ను పెంచిన మ్యూడీ లైబ్రరీయే, డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే ఇంకో అద్దె లైబ్రరీతో కలిసి, 1894లో సంపుటానికి నాలుగు షిల్లింగులు మించి ఇవ్వబోమని ప్రచురణకర్తలకి చెప్పి నీ పీక నొక్కింది. ఇన్నాళ్లూ అది అన్యాయమనుకున్నాను.

చాప్టర్ నువ్వు లేకుండానే ఇచ్చేస్తాను. ఎగ్జామినరుకీ నువ్వు దొరకవు, అదొక్కటే ధైర్యం. కానీ ఆ మొగుడెవడు? ఆ పాస్టరే అయితే మొదటి సంపుటంలో అంత రభస దేనికి? వాడు కాకపోతే, మూడో సంపుటం పొడుగునా వాడి పేరెత్తితే ఆవిడకి కన్నీళ్లెందుకు? పిల్లాడికి పేరు కూడా చెప్పరు, “బాబు” అంటారంతే. వాడి తండ్రెవరో ఒక్క ముక్క చెప్పి చావు.

ఇట్లు,
తమ విధేయుడు (ఒకటి, మూడు సంపుటాల వరకే)