బందరు చరిత్ర ఎవరి బీరువాలో ఉంది?

బందరు, అంటే మచిలీపట్నం, బస్టాండులో దిగి వలందపాలెం పోవాలంటే ఆటో అతను ఎంతవుతుందో చెబుతాడు. ఈ వలందులు ఎవరయ్యా అంటే మాత్రం నవ్వి ఊరుకుంటాడు. అతన్ని అనడానికేం లేదు, ఆ పేటలోనే పుట్టి డిగ్రీ చదువుతున్న కుర్రాడూ చెప్పలేడు. హాలెండు వాళ్లను, అంటే డచ్చివాళ్లను, మన పెద్దవాళ్లు పిలుచుకున్న పేరది. ఫ్రెంచివాళ్లు ఫరాసులు, పోర్చుగీసువాళ్లు బుడతకీచులు. సముద్రం మీంచి దిగిన ప్రతి జాతికీ తెలుగులో ఒక పేరు పెట్టి, వాళ్లున్న చోటుకు పేటో పాలెమో తగిలించిన ఊరు ఇది. ఫరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఇప్పటికీ ఉన్నాయి. అసలు బందరు అన్న మాటకే పారసీలో రేవు అని అర్థం.

ఇప్పుడు కొత్త పోర్టు పనులు నడుస్తున్నాయి కాబట్టి అందరికీ పాత రేవు గుర్తొచ్చింది. కోటను బాగుచెయ్యాలి, డచ్చి సమాధుల దగ్గర లైట్లు పెట్టాలి, మంగినపూడి బీచ్‌లో ఉత్సవాలు జరపాలి, పేరు కనబడేలా ఓ సెల్ఫీ పాయింటు కట్టాలి. కట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ దాన్ని చరిత్రను కాపాడటం అనకండి. అది పెళ్లికి వచ్చేవాళ్ల కోసం ఇంటికి సున్నం వెయ్యడం. బందరుకు ముందు కావలసింది నాలుగు గోడలు, చెదపట్టని అల్మారాలు, ఒక స్కానరు, జీతం తీసుకుని రోజూ వచ్చి కూర్చునే ఇద్దరు మనుషులు. అంటే ఊరికంటూ ఒక రికార్డు గది.

ఎందుకంటారా? వలందులు 1605లో ఇక్కడ అడుగుపెట్టారు, ఇంగ్లీషువాళ్లు 1611లో. గోల్కొండ సుల్తానులకు ఇదే ప్రధాన రేవు. అద్దకం బట్టలు ఇక్కణ్నుంచే ఓడలెక్కాయి. ఓడల రాకపోకలు, సరుకు ధరలు, దళారులతో తగాదాలు అన్నీ కంపెనీల గుమాస్తాలు రాసిపెట్టుకున్నారు. డచ్చి కంపెనీ కాగితాలు హేగ్‌లో భద్రంగా ఉన్నాయి, 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఇంగ్లీషు ఫ్యాక్టరీ, అంటే వాళ్ల వర్తక స్థావరం, రికార్డులు లండన్‌లో ఉన్నాయి. అంటే నాలుగు వందల ఏళ్ల కిందటి బందరు బజారులో ఏం జరిగిందో ఆ అసలు కాగితాల్లో చూడాలంటే వీసా తీసుకోవాలి. వాళ్లు ఎత్తుకుపోయారని ఏడవడానికి కూడా లేదు. అవి వాళ్లు రాసుకున్న లెక్కలు, వాళ్లు దాచుకున్నారు. మరి మనం రాసుకున్నవి ఏమయ్యాయి?

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పాతకాలం సంగతి వదిలెయ్యండి, నిన్నమొన్నటి సంగతి చూడండి. 1902లో కృష్ణా పత్రిక పుట్టింది ఈ ఊళ్లోనే. ముట్నూరి కృష్ణారావు దశాబ్దాల పాటు సంపాదకీయాలు రాసింది ఇక్కడ కూర్చునే. జాతీయ కళాశాల ఇక్కడిదే. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టిందీ ఇక్కడే. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు ఆంధ్ర అంతటా గుండెలు బాదుకున్నాం. బోర్డు మారిందని ఏడ్చాం గానీ, ఆ బ్యాంకు తొలి లెడ్జర్లు, మొదట్లో వాటాలు కొన్న మనుషుల పేర్లు బందరులో ఏ గదిలో చూడొచ్చో అడిగినవాళ్లు నాకు కనబడలేదు. 1935లో కాంగ్రెస్‌కు అధికారిక చరిత్ర రాసిపెట్టింది బందరు డాక్టరైన ఈ పట్టాభే. అదే బందరు చరిత్ర గురించి పట్టుమని పది పేజీలు రాయాలని కూర్చుంటే మాత్రం, ముందుగా 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ తెరవాల్సి వస్తుంది. దాన్ని రాసింది గోర్డన్ మెకంజీ అనే దొర.

ఒకసారి జిల్లాలోని ఓ ఆఫీసు వెనక గదిలోకి తొంగిచూసే అవకాశం దొరికింది. ఏ ఆఫీసో చెప్పను. నేల మీద గుట్టలుగా రిజిస్టర్లు, వాన కారి అట్టలు ఉబ్బిపోయి ఉన్నాయి. 'వీటిని ఏం చేస్తారు?' అంటే, 'ఆర్డరు రాగానే కేజీల లెక్కన వేసేస్తాం సార్' అన్నాడు అక్కడి ఉద్యోగి. అతని గొంతులో తప్పు చేస్తున్నానన్న భావన ఇసుమంత లేదు. ఉండక్కర్లేదు కూడా, అవి పనికొస్తాయని అతనికి ఎవరూ చెప్పలేదు.

పెడనలో కలంకారీ అద్దే టేకు అచ్చులదీ ఇదే కథ. అరిగిపోయిన అచ్చు నగరాల్లో అలంకరణ వస్తువుగా అమ్ముడవుతుంది. డ్రాయింగు రూములో గోడకెక్కుతుంది. కానీ అచ్చంటే కొయ్య ముక్క కాదు, ఒక డిజైను తాలూకు అసలు ప్రతి. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఏ అచ్చు తర్వాత ఏది పడాలో, పటిక ఎక్కడ, తుప్పు-బెల్లం నలుపు ఎక్కడ అన్నది అద్దేవాళ్ల చేతుల్లో ఉంది. ఆ చేతులు ఆగిపోతే కలంకారీకి వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ) సర్టిఫికెట్ ఒక్కటే ఫ్రేములో మిగులుతుంది.

'తెల్లవాళ్ల సమాధులకు, పాత కాగితాలకు డబ్బు తగలేసే బదులు తాగునీటి పైపులు వెయ్యొచ్చుగా' అని కొందరంటారు. డ్రైనేజీ వాసన రోజూ పీల్చేవాళ్లకు ఆ మాట అనే హక్కుంది. అయితే పైపులకు అడ్డం పడుతున్నది రికార్డు గది ఖర్చు కాదని వాళ్లకూ తెలుసు. ఒక్క బీచ్ ఉత్సవంలో స్టేజీకి, సౌండు సిస్టమ్‌కు పెట్టే డబ్బుతో ఈ గది కొన్నేళ్లు నడుస్తుందని నా నమ్మకం.

ఇది ఒక్క బందరు జబ్బూ కాదు. భీమునిపట్నం చూడండి. 1861 నాటి మున్సిపాలిటీ, దేశంలోనే పాతవాటిలో ఒకటని చెప్పుకునేవాళ్లం. 2013లో విశాఖ కార్పొరేషన్‌లో కలిపేశారు. వార్డులు ఎలా విడగొడతారు, పన్ను పెరుగుతుందా అని చర్చ జరిగింది, జరగాల్సిందే. నూట యాభై ఏళ్ల తీర్మానాల పుస్తకాలు ఎక్కడికి పోవాలన్నది చర్చకే రాలేదు. విగ్రహం పెట్టమంటే వెంటనే కమిటీ వేస్తాం. వంద కాగితాలు దాచమంటే ఫండ్స్ లేవంటాం. అవతల చెన్నై వాళ్లు ఏటా ఆగస్టులో తమ ఊరి పుట్టినరోజుగా మద్రాస్ డే జరుపుకుంటారు. ప్రభుత్వం మొదలుపెట్టింది కాదు, ఊరి మీద ప్రేమున్న కొద్దిమంది 2004లో మొదలెట్టారు. ఆ మద్రాసు కోటకు పునాది వేయించిన ఇద్దరు ముగ్గురిలో ఆండ్రూ కోగన్ ఒకడు. అప్పటికి అతను బందరు ఫ్యాక్టరీకి పెద్ద. ఆ లెక్కన మద్రాస్ డేలో మనకూ ఓ వాటా ఉంది.

కాగితం సంగతి సరే, మనుషుల నోట్లో ఉన్నదాని మాటేమిటి? 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెన బందరును ముంచేసింది. దాదాపు ముప్పై వేల మంది పోయారు. ఆ రాత్రి గురించి మనకు తెలిసిందంతా దొరల రిపోర్టుల్లోంచే. చెట్టుకొమ్మ పట్టుకుని బతికిన ఓ చేపలవాడు, బిడ్డను పోగొట్టుకున్న ఓ తల్లి ఏం చెప్పుకున్నారో ఎవరూ రాయలేదు.

1977 నవంబర్ 19న దివిసీమకు వచ్చిన ఉప్పెన అలా కాదు. చూసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. నాగాయలంక, కోడూరు వైపు ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా ఒకరిద్దరు దొరుకుతారు. ఏ చెట్టెక్కారో, తెల్లారి ఎవరి శవాన్ని ఏ గుర్తుతో పోల్చుకున్నారో, సాయం తెచ్చిన లారీ ముందు ఏ ఊళ్లో ఆగిందో చెబుతారు. దీనికి స్కానరు కూడా అక్కర్లేదు, జేబులో ఉన్న ఫోను చాలు. జిల్లాలో ఇన్ని డిగ్రీ కాలేజీలున్నాయి, ఏటా ప్రాజెక్టు వర్కు పేరుతో ఇంటర్నెట్ నుంచి దించి బైండు చేయించి ఇస్తున్నారు. దాని బదులు ఒక్కో విద్యార్థిని ఒక్కో ముసలాయన దగ్గరికి పంపండి. ఆ రాత్రికి పదేళ్ల పిల్లగా ఉన్నామె 2027 నవంబర్‌కు అరవైకి చేరుతుంది. అప్పటికి ముప్పై దాటి, ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న మనిషికి ఎనభై దాటతాయి.