అయ్యా ఆకురాయీ, కాస్త చెయ్యి తీయండి

మహారాజశ్రీ ఆకురాయి గారికి,

పాత ఆర్కేడ్ మెషీన్లలో, అదే, నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పెట్టెల్లో, ఏ బటన్ మొరాయించినా కబురు ముందు తమరికే వెళ్తుందని, అది అందీ అందకముందే తమరు టూల్‌బాక్సులోంచి దూకేస్తారని వినేవాణ్ణి. ఇప్పుడు కళ్లారా చూశాను. ఈమధ్య ఇక్కడ న్యూజెర్సీలో నేను ఒకాయన గరాజ్ నుంచి ప్యాక్‌మ్యాన్ మెషీన్ తెచ్చుకుని కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే, లోపల తమరి సంతకమే కనిపించింది.

1980లో జపాన్‌లో నామ్‌కో తయారుచేస్తే, అదే ఏడాది మిడ్‌వే అమెరికాకు తెచ్చిన ఆట అది. ఆడటానికి ఉన్నదల్లా ఒక్క జాయ్‌స్టిక్. దాని కింద దిక్కుకొకటి చొప్పున నాలుగు లీఫ్ స్విచ్‌లు. అంటే ఎదురెదురుగా రెండు పల్చటి రేకులు, వాటి కొసన చెరో చిన్న బొడిపె. కర్ర వంచితే ఒక రేకు వెళ్లి రెండోదాన్ని తాకుతుంది, చప్పుడైనా ఉండదు. ఎడమవైపు బొడిపెల్ని భూతద్దంలో చూశాను. బంగారు పూత ఉండాల్సిన చోట అడ్డదిడ్డంగా గీతలు, గీతల మధ్య నల్ల మచ్చలు. అందుకే ఆటలోని ఆ పసుపు రంగు గుండ్రాయన ఎడమకు తిరగమంటే వినకుండా నేరుగా వెళ్లి దయ్యాలకు దొరికిపోతున్నాడు.

ఆ బంగారం సోకు కోసం పెట్టింది కాదండీ. అక్కడ పారేది అయిదు వోల్టులు, పేరుకే కరెంటు. మురికి పొరను కాల్చేసే నిప్పురవ్వ అందులో పుట్టదు. కాబట్టి అసలు పొరే కట్టని లోహం కావాలి.

గీకిన రోజు బ్రహ్మాండంగా పనిచేసిందిగా అంటారు తమరు. చేస్తుంది. తమరు గీకింది మురికితోపాటు మైక్రాన్లలో లెక్కపెట్టే పూతని కూడా. కింద బయటపడ్డ మామూలు లోహం కొన్నాళ్లు తళతళలాడి, గాలి తగిలి మళ్లీ పొర కట్టుకుంటుంది. మళ్లీ తమరికే పిలుపు! గిరాకీని సొంతంగా పుట్టించుకునే ఈ తెలివి మా ఊరి రోడ్డు కాంట్రాక్టర్లకే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.

ఇంతకీ ఆ స్విచ్ మీద ఉన్నదేమిటి? ఏళ్ల తరబడి చేరిన దుమ్ము, సిగరెట్ పొగ, ఎవరో ఒలకబోసిన కూల్‌డ్రింక్. దానికి మందపాటి విజిటింగ్ కార్డు ముక్క, దాని అంచుకు చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. మెషీన్ ప్లగ్ పీకి, బొడిపెల మధ్య కార్డు దూర్చి, రేకుల్ని వేలితో మెల్లగా నొక్కిపట్టి లాగితే కార్డు మీద నల్లటి చార పడుతుంది. చార రావడం మానేదాకా శుభ్రమైన అంచుతో మళ్లీ లాగాలి, ఆఖర్న ఒకసారి పొడి కార్డుతో. అప్పటికీ పలకకపోతే రేకు వంగి ఎడం పెరిగిందేమో చూడాలి. అందులో తమరికి పనేముంది? కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?

తమరి జతగాడు, ఆ తుప్పు వదిలించే స్ప్రే డబ్బా మరీనూ. జిడ్డు పూసి, దుమ్ముకు అంటుకునే వీలు కల్పించి పోతాడు. ఆయనకు విడిగా రాస్తాను.

తమరిని ఉద్యోగంలోంచే తీసేయమని నేను అనడం లేదు. పాత పిన్‌బాల్ మెషీన్లలో ఫ్లిప్పర్ల, అంటే గుండును ఎగరగొట్టే చిన్న రెక్కల, స్విచ్‌లున్నాయి. అక్కడ రెక్కను కదిలించే కాయిల్ కరెంటు నేరుగా స్విచ్‌లోంచే పోతుంది, విడిపోయిన ప్రతిసారీ చిటుక్కుమని నిప్పురవ్వ. అందుకని బొడిపెలు టంగ్‌స్టన్‌తో చేశారు, 3,400 డిగ్రీల సెల్సియస్ దాటితేగానీ కరగని మొండి లోహం. అది కాలి, గుంతలు పడి, నల్లబడితే విజిటింగ్ కార్డు ఎన్నిసార్లు లాగినా దండగే. అక్కడ తమరు రెండు చేతులా గీకండి, ఎవరూ అడ్డురారు.

కావున తమరిని తక్షణం పిన్‌బాల్ శాఖకు బదిలీ చేయడమైనది. ప్రయాణ భత్యం లేదు. జాయ్‌స్టిక్ ఛార్జి మాత్రం విజిటింగ్ కార్డుకు అప్పగించి వెళ్లగలరు.

ఇట్లు,
కొత్త లీఫ్ స్విచ్‌లకు ఆర్డరు పెట్టి కొరియర్ కోసం చూస్తున్న ఒక ఓనరు