మూడేళ్ల పిల్లవాడు పప్పు ఏరుతుంటే చదువు మానినట్టేనా?

బడుల్లో ప్రవేశాల కాలం వచ్చిందంటే వాట్సాప్‌లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: “ఆటల చదువు, మాంటిస్సోరి అంటూ కొన్ని నర్సరీలు పిల్లల చేత పప్పు ఏరించి, నీళ్లు పోయించి ఫీజులు గుంజుతున్నాయి. మూడేళ్లకు రాత మొదలుపెట్టని పిల్లలు ఒకటో తరగతిలో వెనకబడిపోతారు. ఇష్టమొచ్చింది చేసుకోమని వదిలేస్తే క్రమశిక్షణ అబ్బదు. ఇది విదేశాల్లో డబ్బున్నవాళ్ల పిల్లల కోసం పుట్టిన పద్ధతి, మన ఇళ్లలో కుదిరేది కాదు.” నర్సరీ పిల్లలతో పనిచేసే నాకు ఈ ఏడాది దీన్ని నలుగురు పంపారు. వారిలో ఇద్దరు మా బంధువులే కాబట్టి, కొట్టిపారేయకుండా ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదట రాత సంగతి, ఎందుకంటే తల్లిదండ్రుల భయమంతా అక్కడే ఉంది. మా తరగతిలో మూడున్నరేళ్ల పిల్లవాడొకడు ఒక గిన్నెలోని కందిపప్పును చెంచాతో పక్క గిన్నెలోకి మారుస్తూ సగం చాప మీద ఒలకబోశాడు. ఎవరూ ఏమీ అనలేదు. వాడే కాసేపు చూసి, గొంతుక్కూర్చుని, బొటనవేలితో చూపుడువేలితో ఒక్కొక్క బద్దనూ తీసి గిన్నెలో వేయసాగాడు. పావుగంట పట్టింది, ఆ పావుగంటా వాడు తల ఎత్తలేదు. కిటికీలోంచి ఇదంతా చూసిన వాళ్ల నాన్నగారు సాయంత్రం వచ్చి, “టీచర్‌గారూ, అక్షరాలు ఎప్పుడు మొదలుపెడతారండీ?” అని అడిగారు. పొద్దున మీరు చూసింది అదేనండీ అంటే నవ్వారు గానీ నమ్మలేదు.

పెన్సిలును పట్టి ఉంచేవి ఆ రెండు వేళ్లూ, వాటికి ఆనుకునే మధ్యవేలూ. మూడేళ్ల పిల్లలు చాలామంది బలపాన్ని పిడికిలితో పట్టుకుంటారు, చెయ్యి భుజం దగ్గరి నుంచే కదులుతుంది. మూడు వేళ్ల పట్టు ఆ తరువాతి రెండు మూడేళ్లలో మెల్లమెల్లగా కుదురుతుంది. మన అక్షరాలేమో దాదాపు అన్నీ వంపులే. భుజంతో గీసే చేతికి నాలుగు గీతల పుస్తకం ఇచ్చి ‘అ’ రాయమంటే, చుట్టు పూర్తికాకముందే గీత దాటిపోతుంది, రెండో పేజీకి వచ్చేసరికి ఏడుపు మొదలవుతుంది.

తమాషా ఏమిటంటే, సందేశం తప్పుపట్టిన ఈ మాంటిస్సోరి పద్ధతికి తొలినాళ్లలో పేరు వచ్చిన కారణాల్లో పిల్లలకు రాత త్వరగా రావడం ఒకటి. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో పేటలో ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి ‘పిల్లల ఇల్లు’ అనే బడి తెరిచారు. అక్కడి పిల్లలు గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను వేలితో తడిమేవారు, రకరకాల ఆకారాల్లో చేసిన చట్రాల అంచుల వెంట గీతలు గీసేవారు. రాయమని ఎవరూ కూర్చోబెట్టలేదు. కొన్నాళ్లకు నాలుగైదేళ్ల పిల్లలు తమంతట తామే సుద్దముక్క తీసుకుని మాటలు రాయసాగారని, చదవడం కంటే ముందే రాత వచ్చిందని ఆమె నమోదు చేశారు. చేయి సిద్ధమైతే రాతకు బలవంతం అక్కర్లేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నిజానికి మనకు ఇది తెలియని విద్య కాదు. బాసరలోనైనా ఇంట్లోనైనా అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి, పిల్లల వేలు పట్టుకుని దిద్దిస్తాం. వీధిబడుల కాలంలో ఇసుకలో ఓనమాలు దిద్దించేవారు. ముహూర్తం నాడు వేలితో దిద్దించి, మర్నాటి నుంచే పెన్సిలు చేతికిచ్చి మూడు పేజీల హోంవర్క్ చేయించడం మాత్రం మనం ఈ మధ్య అలవాటు చేసుకున్నది.

“వెనకబడిపోతారు” అన్నదానికి సందేశంలో ఆధారమేమీ చూపలేదు. న్యూజిలాండ్‌లో సెబాస్టియన్ సుగ్గేట్ అనే పరిశోధకుడు, ఐదేళ్లకే చదవడం నేర్చుకోవడం మొదలుపెట్టిన పిల్లలనూ, ఏడేళ్లకు మొదలుపెట్టిన పిల్లలనూ పోల్చి చూశాడు. పదకొండేళ్లు వచ్చేసరికి చదివే శక్తిలో ఇద్దరికీ తేడా కనిపించలేదు. ఇంతకంటే గట్టి ఆధారం అమెరికాలోని మిల్వాకీ నగరం నుంచి వచ్చింది. అక్కడి ప్రభుత్వ మాంటిస్సోరి బడిలో సీట్లను లాటరీ తీసి ఇస్తారు. లాటరీలో సీటు వచ్చిన పిల్లలనూ రాని పిల్లలనూ పోల్చిన ఆంజెలీన్ లిల్లార్డ్, నికోల్ ఎల్స్-క్వెస్ట్‌ల అధ్యయనం 2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. రెండు వర్గాల తల్లిదండ్రులూ ఆ బడి కోరుకున్నవారే కాబట్టి, ఇంటి శ్రద్ధ వల్ల వచ్చే తేడా చాలావరకు తొలగిపోతుంది. ఐదేళ్ల వయసులో అక్షరాలూ మాటలూ గుర్తించడంలో, లెక్కల్లో మాంటిస్సోరి పిల్లలే ముందున్నారు. పరీక్షించిన పిల్లల సంఖ్య పెద్దది కాదు, ఆ మాట దాచను. అయినా ఫలితం సందేశం చెప్పినదానికి ఎదురుగానే ఉంది. ఇక ఒకటో తరగతి ప్రవేశ పరీక్ష భయమంటారా, పిల్లలను వడపోసి చేర్చుకోవడాన్ని విద్యాహక్కు చట్టం, 2009లోని 13వ సెక్షన్ నిషేధించింది.

క్రమశిక్షణ విషయంలో సందేశం, పిల్లలు తమ పనిని తామే ఎంచుకోవడాన్ని ‘వదిలేయడం’గా చదువుకుంది. సరిగా నడిచే తరగతిలో ఒక్కొక్క వస్తువు ఒక్కటే ఉంటుంది. కావలసినవాడు అవతలివాడు పూర్తిచేసేదాకా ఆగాలి, తీసినదాన్ని తన చాప మీదే వాడాలి, అయ్యాక తీసినచోటనే పెట్టాలి, పక్కవాడి పనికి అడ్డుపడకూడదు. నాలుగేళ్ల పిల్లకు గాజు గ్లాసుల కోసం పది నిమిషాలు ఆగడం ఎంత పెద్ద నిగ్రహమో, ఎదురుగా ఉండి చూసినవాళ్లకు తెలుస్తుంది. టీచరు చేయాల్సిందీ తక్కువేమీ కాదు: ఏ బిడ్డ దేని దగ్గర ఎంతసేపు కూర్చుంది, ఎక్కడ విసుక్కుంది అన్నది రాసుకుని, మర్నాడు ఏది చూపించాలో ముందే తేల్చుకోవాలి. అక్షరం పేరు, అంకె పేరు బిడ్డ తనంతట తాను కనిపెట్టేవి కావు, వాటిని చెప్పాల్సిందే. అలా చెప్పడం ఈ పద్ధతిలో భాగమే.

డబ్బున్నవాళ్ల పద్ధతి అన్న మాట చరిత్రకు పూర్తిగా విరుద్ధం. సాన్ లొరెంజో కూలి కుటుంబాల పేట. పగలంతా తల్లిదండ్రులు పనికి పోతే, పిల్లలు గోడలు పాడుచేస్తున్నారని ఇళ్ల యజమానులు వాళ్లను ఒకచోట ఉంచాలనుకోవడంతోనే ఆ బడి పుట్టింది. మన దేశంలో గిజుభాయ్ బధేకా వకీలు వృత్తి వదిలి, 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో ఈ పద్ధతి స్ఫూర్తితో చిన్నపిల్లల బడి ‘బాలమందిరం’ తెరిచారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో నేటి మహారాష్ట్రలోని బోర్డీలో పని ప్రారంభించి, బడికి రాని పిల్లల వాడకే వెళ్లి ముంగిట్లో బడి నడిపారు. అంగన్ అంటే ముంగిలి, మన ఊరి అంగన్‌వాడీకి ఆ పేరు అక్కడి నుంచి వచ్చిందే. మాంటిస్సోరి స్వయంగా 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చారు.

ఫీజుల మీద సందేశానికున్న కోపంలో న్యాయం ఉంది. మాంటిస్సోరి అన్న పేరు మీద ఎవరికీ హక్కు లేదు, బోర్డు మీద ఎవరైనా రాసుకోవచ్చు. ఆ బోర్డు కింద ఎల్‌కేజీ పిల్లల చేత రోజంతా వర్క్‌షీట్లు నింపించే చోట్లను నేనూ చూశాను. అది ఆ బడుల తప్పు.

మన ఇళ్లలో కుదరదనడం అన్నిటికంటే తేలికైన వాదన. వామనగుంటల్లో గుంటకొక చింతగింజ చొప్పున వేసుకుంటూ పోయే పిల్ల లెక్కపెట్టడంలో తొలిమెట్టు ఎక్కుతోంది, గుజ్జనగూళ్లలో ఎవరికెంత వడ్డించాలో పంచుకుంటోంది. చిక్కుడుకాయలు ఈనె తీయడం, ఉతికిన రుమాళ్లు మడతపెట్టడం, చిన్న చెంబుతో మొక్కకు నీళ్లు పోయడం, వీటికి పైసా ఖర్చు లేదు. కష్టమల్లా పెద్దవాళ్లకే, ఆఫీసు టైము దాటిపోతుంటే చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటానని బిడ్డ మొండికేసినప్పుడు ఐదు నిమిషాలు ఆగాలి. మా ఇంట్లో అది కుదరని రోజులే ఎక్కువ. అందుకని గుండీల చొక్కాను ఆదివారానికి ఉంచి, మిగతా రోజుల్లో టీషర్టు తొడిగేవాళ్లం.