తడ దాటితే సిస్టరు కాదు

తడ స్టేషన్లో నర్సుగా రైలెక్కిన మనిషి, తర్వాతి స్టేషను ఆరంబాక్కంలో దిగేసరికి నర్సు కాకుండా పోతుంది. ఆంధ్ర దాటి తమిళనాడు వచ్చింది, ఈ రాష్ట్రపు నర్సుల రిజిస్టరులో పేరు లేదు మరి. నాలుగేళ్ళ చదువును ఒక్క స్టేషను దూరంలో మాయం చేయగల ఏర్పాటు ఇంకెక్కడా నేను చూడలేదు. అందుకే దాన్ని తిట్టేవాళ్ళను చూస్తే నాకు జాలి. వాళ్ళలో మొదటిది మా మేనకోడలు.

మాది నాయుడుపేట. నేను చెన్నై పెరంబూరులో స్థిరపడి ముప్ఫై ఏళ్ళు దాటింది. పిల్ల బీఎస్సీ నర్సింగ్ చదివి, అక్కడి నర్సింగ్ కౌన్సిల్లో పేరు రాయించుకుని, నెల్లూరులో రెండేళ్ళు చేసింది. పెళ్ళయి చెన్నై వచ్చింది. ఒక పెద్దాసుపత్రి వాళ్ళు ఇంటర్వ్యూ చేసి, తెలుగొచ్చు కదా అని సంబరపడి, తీరా ఆర్డరు చేతికిచ్చేటప్పుడు, "మీది ఆంధ్రా రిజిస్ట్రేషను కదమ్మా, తమిళనాడుది వచ్చేదాకా ట్రైనీ జీతమే" అన్నారు. వార్డులో సగం మంచాలు మా నెల్లూరు, తిరుపతి వాళ్ళవే. "అమ్మా, కాస్త ఇటు తిప్పమ్మా" అని తెలుగులోనే మూలుగుతారు. వాళ్ళ కోసమే గోడల మీద తెలుగు బోర్డులు కూడా పెట్టారు. ఆ తెలుగు వినడానికి పిల్ల పనికొస్తుంది. నరంలోకి మందెక్కించే క్యాన్యులా పెట్టడానికి మాత్రం పక్కనున్న సిస్టరు రావాలి.

"అవే నరాలు కదా మామయ్యా" అంటుంది. చిన్నపిల్ల, తెలియదు. నా దృష్టిలో తప్పంతా రోగులది. నాయుడుపేటలో పట్టిన జ్వరాన్ని ఏ కాగితం లేకుండా చెన్నైలో ఆసుపత్రులుండే గ్రీమ్స్ రోడ్డు దాకా మోసుకొచ్చేస్తున్నారు. జ్వరానికి కూడా పుట్టిన జిల్లా నుంచి ఎన్ఓసీ అడగాలి. షుగరు, బీపీ లాంటి దీర్ఘకాలం ఉండబోయే వాటికి శాశ్వత బదిలీ, దగ్గుకు ఆర్నెల్ల పర్మిట్టు సరిపోతుంది.

ఎన్ఓసీ అంటే మాకు అభ్యంతరం లేదని పాత కౌన్సిల్ రాసిచ్చే పత్రం. పెళ్ళప్పుడు మేనమామనైన నన్ను కూడా, అభ్యంతరం ఉందా అని ఇంత లాంఛనంగా ఎవరూ అడగలేదు. అది పట్టుకుని ఇక్కడ రెసిప్రోకల్ రిజిస్ట్రేషనుకు పెట్టుకోవాలి. రెసిప్రోకల్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం. అమ్మాయి ఫీజులు, జిరాక్సులు ఇస్తుంది, ఆఫీసులు పుచ్చుకుంటాయి.

ఇందులో ఒక చిక్కుంది. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టంలో 11వ సెక్షన్ ఉంది. కౌన్సిల్ గుర్తించిన చదువు ఏ రాష్ట్రపు రిజిస్టరులో చేరడానికైనా చాలునని అందులో రాశారు. "చాలు" అన్న మాట అప్పటి పెద్దలు తొందరపడి వాడి ఉంటారు. చదువు చాలునన్నారే గానీ, ఆ చదువుకు ఎన్ని జిరాక్సులు చాలునో చెప్పలేదు. 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం కూడా వచ్చింది, దేశానికంతటికీ ఒక రిజిస్టరు ఉండాలని. మంచిదే. రాష్ట్రాల రిజిస్టర్లూ ఉంటాయి కాబట్టి భయపడాల్సిన పని లేదు.

చరిత్ర తెలిసినవాళ్ళు ఇంకో మెలిక పెడతారు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లో నలుగురమ్మాయిలతో నర్సింగ్ స్కూలు మొదలైంది. దేశంలో అదే మొదటిదని నర్సింగ్ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 1926లో నర్సుల పేర్లు నమోదు చేసే కౌన్సిల్ పుట్టింది కూడా మద్రాసు రాష్ట్రంలోనే, అప్పటి చట్టంతోనే. నెల్లూరూ, చిత్తూరూ, మద్రాసూ అప్పుడు ఒకే రాష్ట్రం. 1953లో ఆంధ్ర విడిపోయినప్పుడు సామాను పంచుకున్నట్టు ఆ చట్టం కూడా మనవైపు వచ్చింది. అంటే ఒకే చట్టం అక్కడా ఇక్కడా కాపురం పెట్టి, ఇప్పుడు నీ పిల్లకు నా ఇంట్లోకి రావడానికి కాగితమేదీ అని తననే తను అడుగుతోంది. అన్నదమ్ముల ఆస్తి పంపకాలు చూసినవాళ్ళకు ఇందులో వింతేం కనిపించదు.

కృష్ణ నీళ్ళు మాత్రం చెన్నైకి 1996 నుంచి హాయిగా వచ్చేస్తున్నాయి. కండలేరు జలాశయం నుంచి కాలువలో దిగి, ఊత్తుకోట్టై దగ్గర రాష్ట్ర సరిహద్దు జీరో పాయింటు దాటగానే అధికారులు ఎదురెళ్ళి పూలు చల్లుతారు. అక్కడే కొలిచి, ఇన్ని క్యూసెక్కులు అని రాసుకుంటారు. నీళ్ళను ఎవరూ టెన్త్ మెమో అడగలేదు.

టెన్త్ మెమో అన్నాను కాబట్టి పేరు సంగతి చెప్పాలి, అసలు సరుకంతా అందులోనే ఉంది. మెమోలో పిల్ల ఇంటిపేరు పూర్తిగా ముందుంది. నర్సింగ్ సర్టిఫికెట్లో అది ఒక్క అక్షరమూ చుక్కా అయింది. ఆధార్లో ఆ అక్షరం లేచి వెనక్కి వెళ్ళి కూర్చుంది, చుక్క దారిలో ఎక్కడో పడిపోయింది. పెళ్ళి సర్టిఫికెట్లో కొత్త ఇంటిపేరు. నర్సులకిచ్చే ఎన్‌యూఐడీ నంబరేమో ఆధార్‌తో ముడి. మా వీధి చివర నెట్ సెంటరు కుర్రాడు నాలుగు కాగితాలూ వరసగా పరిచి, నుదురు గీరుకుని, "ఇనిషియల్ అంటే అప్పా పేరు కదా సార్, ఇదేంటి ఊరి పేరులా ఉంది?" అన్నాడు. వాడి తప్పేముంది? తమిళంలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియల్. మనకేమో తాతముత్తాతల ఇంటిపేరు. ఇంటిపేరంటే ఏమిటో వాడికి చెప్పేసరికి నా టీ చల్లారింది. చివరికి నలుగురూ ఒకరేనని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించాం. నోటరీ ఆయన సంతకం పెడుతూ పిల్లను తలెత్తి చూడనైనా లేదు. నలుగురిలో ఎవర్ని చూడాలో తెలియక కాబోలు.

ఈ లోపు వార్డులో ఎవరో చెవిలో ఊదారు, ఎన్‌క్లెక్స్ రాసెయ్యమని. అమెరికాలో నర్సు లైసెన్సుకు రాసే పరీక్ష అది. సెంటరు ఈ చెన్నైలోనే ఉంది. ఐదు గంటలు, తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. ఫీజు 200 డాలర్లు, విదేశంలో రాస్తున్నందుకు ఇంకో 150. చదువు మదింపు, ఇంగ్లీషు పరీక్ష, వీసా వేరే తిప్పలనుకోండి. పరీక్ష సెంటరుకు వెళ్ళడానికి మాత్రం పెరంబూరు నుంచి బస్సు టికెట్టు చాలు. చెన్నైలో నర్సు కావాలంటే ఎన్ఓసీ కోసం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయవాడ దాకా వెళ్ళాలి. అమెరికాలో 40కి పైగా రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని, ఒకచోట తీసుకున్న లైసెన్సును మిగతాచోట్లా చెల్లనిస్తున్నాయి. సరిహద్దుల మీద వాళ్ళకు భక్తి లేదు. అలాంటి దేశానికి పిల్లను పంపడం నాకిష్టం లేదని చెప్పాను. వినలేదు, మెట్లమీద కూర్చుని ఫోన్లో ప్రశ్నలు చదువుతోంది.

పోయిన శనివారం రాత్రి నాకు తల తిరిగినట్టయింది. పిల్ల గబగబా బీపీ మిషను పట్టుకొచ్చి, "చెయ్యి చాపు మామయ్యా" అంది. నేను చాపలేదు. ఈ రాష్ట్రపు రిజిస్టరులో లేని మనిషికి చెయ్యి ఎలా చాపడం? రేపు ఎవరైనా అడిగితే? మా ఆవిడ నన్ను తిట్టి, మజ్జిగిచ్చి పడుకోబెట్టింది.

ఆదివారం పొద్దున్నే సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ స్టేషన్లో సూళ్ళూరుపేట లోకల్ ఎక్కాం. ఎన్నూరు, గుమ్మిడిపూండి, ఏళావూరు, ఆరంబాక్కం. పిల్ల దారిపొడవునా మాట్లాడలేదు. తడలో దిగి, ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ చూసుకుని కూర్చున్నాను. చొక్కా చెయ్యి పైకి మడిచి చాపాను. పట్టీ బిగించి, స్టెత్ చెవుల్లో పెట్టుకుని, గాలి కొట్టింది. పక్కన వేరుశనక్కాయలమ్మే ముసలాయన కూడా తన చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాడు.

నూట ముప్ఫై బై ఎనభై. చెన్నైలో నాకెంత ఉంటుందో మాత్రం ఇంకా తెలియలేదు.