ఒక శాతం కరెంటు, నూరు శాతం ఇంపాక్ట్

సౌర విద్యుత్తును కొలవడానికి మన ప్రభుత్వాలు ఇంకా యూనిట్లు, మెగావాట్లు అంటూ పాత లెక్కలే పట్టుకుని వేలాడుతున్నాయి. కెమిస్ట్రీ పండితులు ఆ దశ ఎప్పుడో దాటేశారు. ఎంత ఎండకు ఎంత కరెంటు వచ్చిందన్నది కాదు, ఎన్ని పేపర్లు పడ్డాయి, వాటికి ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నదే (అంటే వాటిని తమ పేపర్లలో ఎందరు ఉదహరించారన్నదే) వాళ్ల లెక్క. అలా చూస్తే ప్రపంచంలోకెల్లా గొప్ప సోలార్ క్షేత్రం ఏ ఎడారిలోనూ లేదు. స్విట్జర్లాండ్‌లో, లోజాన్‌లో ఉంది. అక్కడ ఎండ అంతంతమాత్రమే, దిగుబడి మాత్రం అమోఘం.

1991లో అక్కడి ప్రొఫెసర్ మైఖేల్ గ్రెట్జెల్, బ్రయన్ ఓరెగన్‌తో కలిసి నేచర్ పత్రికలో నాలుగు పేజీల పేపరు వేశారు, రంగుతో కరెంటు తీసే సోలార్ సెల్ మీద. సరుకు టైటానియం డయాక్సైడ్, అంటే పెయింటుకూ టూత్‌పేస్టుకూ తెల్లదనం ఇచ్చే పొడి. కంటికి కనబడే వెలుతురును అది పీల్చుకోదు. దాన్ని నానో రేణువులుగా చేసి, సందులు సందులుగా పొర వేసి, రుథేనియం అనే లోహంతో చేసిన రంగు పట్టించారు. రంగు అంటుకునే చోటు వందల రెట్లు పెరిగింది. వెలుతురు పడగానే రంగు ఒక ఎలక్ట్రాన్‌ను తెల్లపొడికి అప్పిస్తుంది. అయోడైడ్ ద్రావణం వెంటనే ఆ బాకీని రంగుకు తీర్చేస్తుంది, ఎలక్ట్రాన్ తీగంతా తిరిగొచ్చి ద్రావణం లోటు పూడుస్తుంది. ఇంత ఠంచనుగా అప్పు తీరడం నేనింకెక్కడా చూడలేదు. సామర్థ్యం, అంటే పడిన వెలుతురులో కరెంటుగా మారే వంతు, 7 శాతం పైనే. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి లోజాన్ చేరిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ తొలి రచయితగా 1993లో వచ్చిన పేపరులో కొత్త రంగుతో అది 10 శాతానికి చేరింది. ఇదంతా నిజంగా గొప్ప పని కావడంతో వ్యంగ్యానికి చోటు దొరక్క కాస్త టెన్షన్ పడ్డాను.

అదృష్టం కొద్దీ తర్వాతి తరం ఆదుకుంది. రుథేనియం ఖరీదు, బీట్‌రూట్ చవక. ఈ ఒక్క సత్యం మీద ఎన్నో ప్రమోషన్లు నిలబడ్డాయి. బీట్‌రూట్ అయ్యాక దానిమ్మ, మందారం, గోరింటాకు, పసుపు, పాలకూర, నేరేడు. రైతుబజారు ఖాళీ అయింది. పద్ధతి సులువు: రసం తీసి, వడకట్టి, తెల్లపొడి పూసిన గాజు పలకను అందులో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున కొలిస్తే మామూలుగా 1 శాతానికి అటూ ఇటూ, ఎక్కువసార్లు ఇటే. ఎర్ర గోంగూర పువ్వులనూ వదల్లేదు. పచ్చడి నూరుకున్నా ఇంటిల్లిపాదికీ ఓ పూట గడిచేది. అయితే ప్రతి పేపరూ మొదట్లోనే 1991 నాటి పేపరుకు దండం పెట్టుకుంటుంది. ఆ నాలుగు పేజీల సైటేషన్లు పాతికవేలు దాటింది ఇలాంటి భక్తుల వల్ల కూడా.

2009లో జపాన్‌లో మియాసాకా బృందం రంగు తీసేసి పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థం పెట్టింది. 3.8 శాతం వచ్చింది. ద్రవంలో ఎక్కువసేపు బతకలేదు కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2012లో ద్రవం బదులు ఘనపదార్థం వాడేసరికి 10 శాతం దాకా ఎగబాకింది, ఇప్పుడు 26 కూడా దాటింది. లోపల సీసం ఉంటుంది, తేమ పడదు. అయినా బీట్‌రూట్ ల్యాబులు రాత్రికి రాత్రే పెరోవ్‌స్కైట్ బోర్డు పెట్టేశాయి.

ఈలోగా డాబాల మీద ఉన్నది సిలికానే. అమ్ముడయ్యే ప్యానెళ్లలో 95 శాతానికి పైగా అదే. పాపం, సైటేషన్లను బట్టి పత్రికలకిచ్చే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి తెలియక కరెంటు తీస్తూ కూర్చుంది. రంగు సెల్ అసలు ప్రతిభ మాత్రం ఇంట్లో బయటపడింది: ఫ్లోరసెంట్ లైటు కింద 30 శాతం దాటేసింది. సూర్యుడితో పనిలేని సోలార్ సెల్ అన్నమాట.

కాబట్టి డిస్కంలకు నాదొక వినతి. సైటేషన్లకూ నెట్ మీటరింగ్ పెట్టండి. మన పేపరును ఇంకొకరు ఉదహరిస్తే గ్రిడ్‌కు పంపినట్టు, మనం ఇంకొకరిని ఉదహరిస్తే వాడుకున్నట్టు. ఎవరి పేపరును వాళ్లే ఉదహరించుకుంటే మీటర్ ట్యాంపరింగ్ కేసు. ఒక్కటే ఇబ్బంది, మొదటి నెల బిల్లు రాకముందే సగం డిపార్ట్‌మెంట్లకు ఫ్యూజులు పీకాల్సి వస్తుంది.