ఒక్కసారే వాడాను

ఫిబ్రవరి వచ్చిందంటే మామిడి పూతతో పాటు హైదరాబాదులో మరొకటి కూడా విరగబూస్తుంది. అది కొండలెక్కేవారి సామాను అమ్మకం. సంక్రాంతి సెలవులకు అటు మూడు, ఇటు నాలుగు రోజులు అతికించుకుని, డెహ్రాడూన్ నుంచి రోజంతా జీపు కుదుపులు తిని సాంక్రి చేరి, అక్కడి నుంచి 12,500 అడుగుల కేదార్‌కంఠ ఎక్కి దిగివచ్చిన యువత, ఒళ్ళునొప్పులు తగ్గీ తగ్గకముందే ప్రకటనలు రాయడం మొదలుపెడుతుంది. అరవై లీటర్ల వీపుసంచి, చీలమండ దాటి పైకి వచ్చే బూట్లు, బూట్ల కింద తగిలించుకునే ఇనుప ముళ్ళు, రెండు చేతికర్రలు, నుదుటికి కట్టుకునే దీపం. వస్తువులు వేరైనా వాటి కింద రాసే వాక్యం ఒక్కటే: "ఒక్కసారే వాడాను."

ఈ వాక్యం మీద ఇంతవరకు ఏ విశ్వవిద్యాలయమూ పరిశోధన చేయించకపోవడం మన దురదృష్టం. ఆ లోటు పూడ్చే బాధ్యత నా నెత్తిన పడింది.

ముందుగా, అసలు ఎందుకు అమ్ముతున్నారు? ఉద్యోగం మారింది, పెళ్ళి కుదిరింది, మోకాలు పట్టేసింది, ఇంకాస్త పెద్ద సైజు కొనబోతున్నాను. ఇవీ వారు చెప్పే కారణాలు. నిజం వేరు. మన పెద్దలు వైరాగ్యాలు మూడని లెక్క తేల్చారు: పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం. వారెవరూ మంచులో డేరా వేసుకుని పడుకోలేదు కనుక నాలుగోది వారి దృష్టికి రాలేదు. రాత్రి రెండు గంటలకు తప్పనిసరై లేచి, గడ్డకట్టిన బూట్లలోకి పాదాలు దూర్చి, వంద అడుగుల దూరంలోని మరుగుదొడ్డి డేరా ముందు వరసలో నిలబడినప్పుడు పుట్టే వైరాగ్యం అది. మిగతా మూడూ గంటలో పోతాయి. ఇది మాత్రం నగరానికి తిరిగొచ్చి, సామాను అమ్ముడుపోయి, డబ్బు చేతికందేదాకా పోదు. అందిన వారానికే హిమాచల్‌లోని హమ్టా పాస్ ఫొటోలు చూడడం మొదలవుతుందనుకోండి, అది మరో కథ.

సాంక్రిలోనే బూట్లు, కోట్లు, కర్రలు రోజు అద్దెకు ఇచ్చే దుకాణాలున్నాయి. ఈ సంగతి అందరికీ తెలుసు. కానీ అద్దె బూట్లతో ఫొటో దిగడానికి మనసొప్పదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా కొండెక్కేవాడు ఊరి చివరి ఆటసామాన్ల దుకాణంలో తోపుడుబండి నింపేదాకా పొద్దెరగడు.

ఇక "ఒక్కసారే" అన్న మాటకు అర్థం. నా వీపుసంచి ఒకరి దగ్గర కొన్నాను. ఆయన ఒక్కసారే వాడారు. ఆయనకు అమ్మినావిడ కూడా ఒక్కసారే వాడారట. ఆమెకు అమ్మిన కుర్రవాడు పాపం వాడనే లేదు, ఇంట్లో వేసుకుని చూశాడంతే. కానీ సంచి అడుగున పొయ్యి సెగ తగిలి కరిగిన రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది, నడుము పట్టీ జేబులో సగం కరిగిన బెల్లం చిక్కీ ఉంది, వానతొడుగు మీద రెండు వేరువేరు రంగుల బురద ఉంది. ఏ ఇంట్లో వేసుకుని చూశాడో మరి.

బేరం జరిగే తీరు చూడాలనుకునేవారు ఏ ఆదివారం సాయంత్రమైనా అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల కిందికి వెళ్ళవచ్చు. కొనేవాడు సంచిని ముందు వాసన చూస్తాడు. తరువాత ప్రతి జిప్పునూ మూడుసార్లు లాగుతాడు. వీపున తగిలించుకుని, బరువు కోసం తన హెల్మెట్టూ ల్యాప్‌టాపూ అందులో వేసి, సమోసాల బండి దాకా నడిచి వెనక్కి వస్తాడు. సంచి బరువు భుజాల మీద కాదు, నడుము పట్టీ బిగించి తుంటి ఎముకల మీద మోయాలి. ఆ పట్టీని అతను వదులుగా వేలాడేసి, "భుజాలు లాగుతున్నాయండీ, అయిదు వందలు తగ్గించండి" అంటాడు. అమ్మేవాడికీ ఆ పట్టీ సంగతి తెలియదు. నాలుగు రోజులూ అతనూ అలాగే మోశాడు. అందుకే తగ్గిస్తాడు.

నిద్రసంచులది ఇంతకంటే లోతైన వ్యవహారం. వాటి మీద మూడు అంకెలుంటాయి. మొదటిది, హాయిగా నిద్ర పట్టే చలి. రెండోది, ముడుచుకుని పడుకుంటే ఓర్చుకోగలిగే చలి. మూడోది, ఆరు గంటల పాటు ప్రాణం మాత్రం నిలబడే చలి. ఒళ్ళు చల్లబడిపోదని, వేళ్ళు మంచుకు చచ్చుబడవని పూచీ లేదు. ప్రకటనలో వేసేది ఎప్పుడూ ఈ మూడో అంకే. "మైనస్ పదిహేను, ఒక్కసారే వాడాను" అని చదివినప్పుడల్లా ఇదెవరి ఆఖరి కోరికో అనిపిస్తుంది. పైగా ఈకలు నింపిన నిద్రసంచిని బిగించి కట్టి దాచకూడదు, విప్పి వదులుగా ఉంచాలి. గాలిని పట్టి ఉంచేది ఈకల ఉబ్బే, వెచ్చదనమంతా ఆ గాలిదే. మనవారు దాన్ని చిన్న గుమ్మడికాయంత సంచిలోకి కుక్కి, ఊరగాయ జాడీల పక్కన, కలరా ఉండలతో సహా అటక ఎక్కిస్తారు. 42 డిగ్రీల మే నెల ఎండలో మైనస్ పదిహేను సంచి అక్కడ చేసే తపస్సు ఏ మునికీ తీసిపోదు. మూడేళ్ళకు కిందికి దించితే దుప్పటంత పలచగా, ఆవకాయ ఘాటుతో బయటికి వస్తుంది.

బూట్ల దగ్గర నా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. నాలుగేళ్ళ కిందట కొని, ఒక్కసారే వాడి, పెట్టెలో భద్రంగా దాచిన బూట్లు సగం ధరకు దొరికాయి. తోలు మెరుస్తోంది. అడుగున గాడులు అరగలేదు. దగ్గరలోనే కదా, పరీక్షిద్దామని అనంతగిరి కొండలకు వెళ్ళాను. మూసీ పుట్టిన చోటుకు ఇంకో అరగంట నడవాలనగా కుడికాలు కింద చప్పుడు మారింది. నాలుగడుగులు వేశాక చూస్తే అడుగుభాగం ముందువైపు ఊడి, మొసలి నోరు తెరిచినట్టుంది. వేలితో తాకితే మధ్యపొర తడిసిన రస్కులా రాలింది. పావుగంటకు ఎడమది కూడా అన్నను అనుసరించింది. తువ్వాలు చింపి కాళ్ళకు కట్టుకుని తిరిగొస్తుంటే, ఎదురైన మేకల కాపరి హవాయి చెప్పుల్లో నన్ను దాటుకుంటూ వెళ్ళాడు. ఏమీ అనలేదు, అదొక్కటే ఊరట.

అమ్మినాయనకు ఫోను చేసి అడిగాను. "నేను ఒక్కసారే వాడానండీ, దేవుడి మీద ఒట్టు" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అదే అసలు జబ్బు. బూటు మధ్యపొరకు వాడే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ గాలిలోని తేమతో కలిసి మెల్లగా విడిపోతుంది. మనం నడిచినా నడవకపోయినా ఆ పని ఆగదు, మూసిన పెట్టెలో తేమ చేరితే మరీ వేగం. డేరా లోపలి పూత ఏళ్ళ తరబడి మడతలో ఉండి జిగటెక్కేదీ ఇలాగే. నుదుటి దీపంలో తీయకుండా వదిలేసిన బ్యాటరీలు కారి, లోపలి తీగను తినేసేదీ ఇలాగే. ఇన్నాళ్ళూ "ఒక్కసారే వాడాను" అన్నది యోగ్యతాపత్రమని భ్రమపడ్డాను. అది మరణ ధ్రువపత్రమని అనంతగిరిలో తెలిసింది.

మరైతే బాగా వాడినవి కొనుక్కోవచ్చు కదా అంటారు. కొనేవాడినే, ఎవరమ్ముతారు? భువనగిరి కొండ దగ్గర ఒక పెద్దాయన సంచి చూశాను. పట్టీ తెగినచోట పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారంతో కుట్టుకున్నారు. సైకిలు ట్యూబు ముక్కతో అతుకు వేశారు. ఇస్తారా అని అడిగితే, ఆయన నా వంక చూసిన చూపు, కట్టుకున్న ఇంటిని చిల్లరకు అడిగినవాడిని చూసినట్టుంది. వాడేవారు అమ్మరు, అమ్మేవారు వాడరు. మధ్యలో మనం.

చరిత్ర కూడా మన సంతకు అనుకూలంగా లేదు. 1953లో టెన్సింగ్ ఎవరెస్టు మీద నిలబడినప్పుడు మెడలో ఉన్న ఎర్ర కండువా, అంతకుముందు ఏడాది తనతో పాటు ఎక్కి శిఖరం అందక వెనుదిరిగిన స్విస్ మిత్రుడు రేమండ్ లాంబెర్ట్‌ది. స్నేహంగా ఇచ్చాడు. ఫైనల్ ధర ఎంతని ఎవరూ అడగలేదు. 1955లో అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ అమ్మమ్మ, తానే కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని, మామూలు గుడ్డబూట్లతో, వానకు స్నానాలగది తెర కప్పుకుని, మూడు వేల కిలోమీటర్లు దాటిన అపలాచియన్ దారిని ఒంటరిగా నడిచేసింది. ఇలాంటివారి వల్లనే మార్కెట్లు కూలిపోయేది.

మొన్న నా వీపుసంచిని నేనే అమ్మకానికి పెట్టాను. పరిశోధకుణ్ణి కనుక సత్యమే రాశాను: "పదకొండుసార్లు వాడాను. కాలిన మచ్చ ఉంది. ఎడమ జిప్పు మొరాయిస్తుంది, కాస్త కొవ్వొత్తి రుద్దితే వింటుంది." తొమ్మిది రోజులు ఫోను మోగలేదు. పదో రోజు ఒక కుర్రవాడు చేశాడు. సంచి కొననట. వచ్చే నెల తొలిసారి కొండెక్కుతున్నాడట, తన సంచి మరీ కొత్తగా మెరుస్తోందట. ఫొటోల కోసం నాది ఒక్కరోజు అద్దెకు ఇస్తానా అని అడిగాడు.

రెండు వందలన్నాను. నూటయాభైకి తెగింది.